వెన్ను మీద పేరు

ట్రిప్లికేన్ పెద్ద వీధిలో
మెస్సుకీ మందుల షాపుకీ నడుమ
తొమ్మిదడుగుల కొట్టు నాది.
మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి
ముప్పయ్యొక్క ఏళ్లుగా చదువులు అంటిస్తున్నాను.
నేను చదివింది పదో తరగతి, అదీ లెక్కల దగ్గర ఆగింది.

చేపాక్ వైపునుంచి వచ్చే పిల్లల్ని
చేతిలో కాగితాల బరువు చూసి పోల్చుకుంటాను.

డిప్లొమా వాళ్లకు నాతో పని తక్కువ.
ఒక్క ఏడాది, ఒక్క సర్టిఫికెట్టు,
లామినేషన్ వేడి ఆరకముందే
సంచీలో దోపుకుని ఉద్యోగానికి పరుగు.

ఎమ్మే, ఎమ్మెస్సీ వాళ్లు ఏప్రిల్లో గుంపుగా దిగుతారు.
అందరికీ ఒకటే గడువు,
అందరికీ రేపు పొద్దున్నే కావాలి.
రెండేళ్లు క్లాసులు విని, పరీక్షలు రాసి,
చివర్న అరవై పేజీలు.
అరంగుళం లేనిదే వెన్ను మీద పేరు పట్టదమ్మా అంటే
మొహం చిన్నబుచ్చుకుంటారు.
అట్ట మీద పెద్దగా కొట్టి పంపుతాను.

గిండీ నుంచి బండ్ల మీద ఎంటెక్ పిల్లలు,
మడత పటాలు, రంగు బొమ్మలు.
వాళ్లలోనే ఎమ్మెస్ అని ఇంకో రకం,
క్లాసు తక్కువ, ల్యాబు ఎక్కువ.
"ప్రాజెక్టా?" అనడిగితే
"థీసిస్" అంటారు, కాస్త గట్టిగా.

ఇంటిగ్రేటెడ్ అట,
ఎమ్మెస్సీనీ పీహెచ్‌డీనీ ఒకే దారంతో కుట్టేస్తారు.
వైగుందన్ మొదటిసారి వచ్చినప్పుడు మీసం సరిగా రాలేదు.
మొన్నొచ్చి నల్ల రెక్సిన్ తడుముతుంటే చూశాను,
చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు.

పీహెచ్‌డీ వాళ్లకి సీజను లేదు.
సముద్రపు గాలికి జిగురారని స్వాతి కార్తెలో కూడా
ఒంటరిగా వస్తారు.
అయిదు కాపీలు, మెరూన్ రంగు, బంగారు రేకు.
అచ్చు కొట్టేముందు పేరు మూడుసార్లు చదివిస్తాను.
నాలుగోసారి వాళ్లే అడిగి చదువుతారు.

రెజీనా టీచరు అట్లాగే చదివింది.
పెరంబూరు కార్పొరేషన్ స్కూలు, వేళ్లకి సుద్దపొడి.
మొదట దూరవిద్య ఎమ్మే, స్పైరల్ చేయించింది.
తరవాత సన్నటి ఎంఫిల్.
ఆ చదువే ఇప్పుడు ఎత్తేశారట.
దాని ఇత్తడి అచ్చు డబ్బాలో ఉంది, పారేయబుద్ధి కాదు.
ఆపైన పదకొండేళ్లు పార్ట్ టైం, శనివారాలు మాత్రం.
ఉప్పు మడుల్లో నిలబడే ఆడవాళ్ల పాదాల గురించి
మూడొందల పన్నెండు పేజీలు.

"టీచరమ్మా, అన్నిటికీ జిగురొకటే కదా,
అసలు తేడా ఏంటి?" అన్నాను ప్రెస్సు బిగిస్తూ.
టీ గ్లాసు దించి ఆలోచించింది.
"ఎమ్మేలో వాళ్లడుగుతారు, మనం చెబుతాం.
ఎంఫిల్లో ఎట్లా అడగాలో నేర్పుతారు.
ఇందులో అడిగేదీ మనమే, చెప్పేదీ మనమే.
తెలీని ఊళ్లో తెలీని మనిషెవరో అది చదివి
'ఇది నాకు తెలీదే' అనాలి."
"అంటే?"
"ఆ 'అంటే'కే పదకొండేళ్లు పట్టింది."

వైవా అయ్యాక మళ్లీ వచ్చింది.
నలభై ఒకటో పేజీలో ఒక అంకె తప్పు.
కుట్టు విప్పి, అయిదు కాపీల్లోనూ కాగితం మార్చాను.

నిన్న సూళ్లూరుపేట పిల్ల హరిణాక్షి
కౌంటర్ మీద నాలుగు దరఖాస్తులు పరిచి
"ఒక్కదానికే ఫీజుంది మామా, ఏది జిరాక్స్ తీయమంటావు?" అంది.
నేనేం చెప్పను!
ఎవరూ తీసుకెళ్లని పాత కాపీలు అలమరలోంచి తీసి
ఒక్కొక్కటే చేతిలో పెట్టాను.
లావుదాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడింది.
తరవాత సన్నదాన్ని తిప్పి చూసి
"దీనికి పేరు లేదే?" అంది.
"లోపలుంది, తెరువు."

తెరిచింది. నిలబడే చదవడం మొదలుపెట్టింది.
వెనకాలెవడో "అణ్ణా, టైమయిపోతోంది" అని అరుస్తున్నాడు.

అట్టకి లోపలి బిగువు కోసం
చిత్తు కాగితం వెతికితే
నలభై ఒకటో పేజీ చేతికొచ్చింది, తప్పు అంకెతో.
జిగురు రాసి అతికించాను.
ఎవరిదో ఎమ్మెస్సీ. బయటికి కనపడదు.